టెక్ సందేహాలు: సుడో అడగ్గానే పాస్‌వర్డ్ ఇచ్చేయడమేనా?

"సార్, లాప్‌టాప్‌లో లైనక్స్ మింట్ వేసుకున్నాను. వైఫై రాలేదు. యూట్యూబ్‌లో ఒక వీడియో చూసి, కింద కామెంట్‌లో ఉన్న కమాండ్ కాపీ చేసి టెర్మినల్‌లో పేస్ట్ చేశాను. పాస్‌వర్డ్ అడిగింది, ఇచ్చాను. ఇప్పుడు సుడో కూడా పనిచేయడం లేదు. సోమవారం ల్యాబ్ ఎగ్జామ్, చాలా టెన్షన్‌గా ఉంది. ఫార్మాట్ కొట్టకుండా దారి ఉందా?"
– బీటెక్ విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

లేదు బాబూ. ఫార్మాట్ కొట్టాల్సిందే.

ఇంత కటువుగా చెబుతున్నానంటే, ఈ ఉత్తరం ఊరు మార్చుకుని, కాలేజీ మార్చుకుని నెలకు రెండు మూడు సార్లు నాకు వస్తూనే ఉంది. ఒకరికి వైఫై, ఇంకొకరికి ప్రింటర్, మరొకరికి బ్లూటూత్. జబ్బు ఏదైనా వేసుకునే మందు ఒకటే. ఎవరో రాసిన కమాండ్, దాని ముందు సుడో (అంటే 'రూట్ అనే సర్వాధికారి హోదాలో ఈ పని చెయ్' అన్న మాట), ఆ వెంటనే ఎంటర్.

ఈ అబ్బాయి ఉత్తరంతో ఆగలేదు. ఆదివారం పొద్దున్నే లాప్‌టాప్ భుజాన వేసుకుని విజయవాడ వచ్చేశాడు. టెర్మినల్ తెరిచి పైబాణం మీట నొక్కమన్నాను. చివరగా కొట్టినవి ఒక్కొక్కటే వెనక్కి వస్తాయి కదా, మూడో నొక్కుకి దొరికింది. సుడో, సీహెచ్‌మాడ్, హైఫన్ పెద్ద ఆర్, 777, చివర ఒంటరిగా ఒక స్లాష్. "ఇదేం చేస్తుందో తెలుసా?" అంటే, "పర్మిషన్లు ఇస్తుంది సార్" అన్నాడు. అవును, ఇచ్చింది. ఆ స్లాష్ అంటే మొత్తం సిస్టమ్‌కి మొదలు. అక్కడి నుంచి అడుగు దాకా ప్రతి ఫైలునూ ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, నడపొచ్చు అని తన చేతులతో తానే రాసిచ్చాడు. వైఫైకీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

సుడో ఎందుకు ఆగిపోయిందంటే, ఆ ప్రోగ్రామ్ మీద సెట్‌యూఐడీ అని ఒక గుర్తు ఉంటుంది. మామూలు యూజర్ నడిపినా అది రూట్ అధికారంతో నడిచేది ఆ గుర్తు వల్లే. ఫైళ్ల మీద 777 కొట్టగానే ఆ గుర్తు చెరిగిపోతుంది. రికవరీ మోడ్‌లోకి వెళ్లి సుడో ఒక్కదాన్ని బతికించవచ్చు. కానీ మిగతా వేల ఫైళ్లకు ముందు ఏ పర్మిషన్లు ఉండేవో తిరిగి తెచ్చే తేలిక దారి మింట్‌లో గానీ, ఉబుంటు అనే మరో లైనక్స్‌లో గానీ లేదు. సిస్టమ్‌ను వెనకటి స్థితికి తెచ్చే టైమ్‌షిఫ్ట్‌తో ముందే ఒక స్నాప్‌షాట్ తీసి ఉంటే పది నిమిషాల పని. మింట్ మొదటిసారి తెరుచుకున్నప్పుడు వచ్చే స్వాగతం విండోలోనే ఆ సలహా ఉంటుంది. దాన్ని చదివే ఓపిక ఎవరికుంది?

పెన్‌డ్రైవ్ మీదే నడిచే లైవ్ లైనక్స్‌తో బూట్ చేసి, హోమ్ ఫోల్డర్‌ను బయటి డిస్క్‌లోకి తీసి, మళ్లీ ఇన్‌స్టాల్ చేశాం. దూరంలోని కంప్యూటర్లలోకి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ కీలు ఎవరైనా చదివి ఉండొచ్చు కాబట్టి పాతవి వద్దు, కొత్తవి చేసుకోమన్నాను. ఇంతకీ వైఫై సంగతి ఏమైందంటారా? ఫోన్‌ను యూఎస్‌బీ టెథరింగ్‌తో కలిపి నెట్ ఇచ్చాం, డ్రైవర్ మేనేజర్ తెరిచాం, ఒక టిక్కు పెట్టాం. రీస్టార్ట్ చేయగానే వచ్చేసింది.

నిజానికి నా భయం ఇలాంటి ఫార్మాట్ల గురించి కాదు. ఈ అబ్బాయి పేస్ట్ చేసింది పిచ్చి కమాండ్ కాబట్టి వెంటనే బయటపడింది. అదే, వైఫైని చక్కగా బాగుచేసి, పనిలో పనిగా ఇంకేదో దింపుకునే కమాండ్ అయి ఉంటే? "సూపర్ అన్నా, వర్క్ అయింది" అని తనూ ఆ కామెంట్ కింద రాసి వచ్చేవాడు. దాన్ని చూసి ఇంకో పదిమంది పేస్ట్ చేసేవాళ్లు.

తెనాలి నుంచి ఒక టీచరుగారు అడిగారు, "లైనక్స్‌కు వైరస్ రాదు కదండీ, యాంటీవైరస్ ఖర్చు తప్పినట్టేనా?" అని. ఖర్చు తప్పినట్టే గానీ, 'రాదు' అన్న మాట మాత్రం మరిచిపోండి మాస్టారూ. 2016 ఫిబ్రవరి 20న ఇదే మింట్ వెబ్‌సైట్‌లోకి దొంగలు చొరబడి, 17.3 సినమన్ డౌన్‌లోడ్ లింకును దొడ్డిదారి పెట్టిన ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ చేసుకునే ఫైలు) వైపు తిప్పేశారు. ఆ రోజు సైటులోంచి దింపుకున్నవాళ్లు చేసిన తప్పేమీ లేదు, సరైన చోటికే వెళ్లారు. ఐఎస్‌ఓ దింపాక ఫైలు మారలేదని చూపే చెక్‌సమ్‌తో పాటు, అది తమదేనని చెప్పే డిజిటల్ సంతకాన్ని కూడా సరిచూసుకోమని మింట్ వాళ్లు చెప్పేది ఇందుకే.

2025 జూలైలో ఆర్చ్ లైనక్స్ వాళ్ల ఏయూఆర్‌లో ఇలాంటిదే జరిగింది. అది యూజర్లు నడిపే సాఫ్ట్‌వేర్ గిడ్డంగి, అక్కడ ఎవరైనా ప్యాకేజీ పెట్టొచ్చు. ఫైర్‌ఫాక్స్ లాంటి బ్రౌజర్ల పేర్లకు 'ప్యాచ్', 'ఫిక్స్' అని తోకలు తగిలించి మూడు ప్యాకేజీలు పెట్టారు. లోపల ఉన్నది, దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే ట్రోజన్. రెండు రోజుల్లో తీసేశారు. 'ఫిక్స్' అన్న మాట చూస్తే ఆగలేనివాళ్లు ఎంతమంది ఉన్నారో ఆ దొంగలకు బాగా తెలుసు.

ఈ రెండూ ఒక ఎత్తు, 2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ గొడవ ఒక ఎత్తు. ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్లను కుదించే చిన్న సాఫ్ట్‌వేర్, దాదాపు ప్రతి లైనక్స్‌లోనూ ఉంటుంది. 'జియా టాన్' అనే పేరుతో ఒకరు రెండేళ్లకు పైగా అందులో మంచిగా పనిచేసి, పాపం ఒంటరిగా దాన్ని లాక్కొస్తున్న నిర్వాహకుడి నమ్మకం సంపాదించి, చివరికి 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొడ్డిదారి దూర్చారు. పట్టుకున్నది ఏ భద్రతా సంస్థా కాదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆయనకు అనుమానం వచ్చి, తవ్వుకుంటూ పోతే ఇది తేలింది. మార్చి 29న లోకానికి చెప్పాడు. డెబియన్ అనే లైనక్స్ స్థిర వెర్షన్ (స్టేబుల్) దాకా అది రానేలేదు.

మన కంప్యూటర్లలోకి రావడానికి ఆ జియా టాన్ రెండేళ్లు చాకిరీ చేయాల్సి వచ్చింది. మనవాళ్లు యూట్యూబ్ కామెంట్‌కి రెండు సెకన్లలో తలుపు తీస్తున్నారు.

పిల్లల్ని మాత్రమే తిడితే అన్యాయమే. ఈ అలవాటు నేర్పిందెవరు? పేరున్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల సైట్లు తెరవండి. మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో ఒక లైను, పక్కన కాపీ బటన్. కర్ల్ అనే డౌన్‌లోడ్ కమాండ్‌తో స్క్రిప్టును దింపి, చదవకుండా నేరుగా బాష్ (కమాండ్లు నడిపే ప్రోగ్రామ్) నోట్లో పోయమంటారు, అదీ సుడోతో. లోపల ఏముందో చూసే అవకాశమే లేదు. ప్యాకేజీ తయారుచేసి, సంతకం పెట్టి, డిస్ట్రోలకు, అంటే మింట్, ఉబుంటు లాంటి లైనక్స్ రకాలకు పంపే శ్రమ తప్పించుకోవడానికి వేసిన అడ్డదారి ఇది. దీనికి 'ఈజీ ఇన్‌స్టాల్' అని పేరు. తయారుచేసినవాళ్లే ఇలా ఉంటే కామెంట్‌లో రాసేవాడిని ఏమనగలం? ఇక మన పాత లైనక్స్ పండితులు ఉన్నారు. కొత్తవాడు ఒక ప్రశ్న అడిగితే "మాన్యువల్ చదువుకో ఫో" అని కసురుకుంటారు. వాళ్లు కసిరితే వాడు చాట్‌బాట్ దగ్గరికి పోతాడు. అది కసురుకోదు, ఎంతో మర్యాదగా, లేని ఆప్షన్‌ను కూడా ఉన్నట్టే చెబుతుంది.

వెబ్ పేజీలో కనిపించే లైను ఒకటి, కాపీ అయ్యేది ఇంకొకటి కావచ్చు. అలా చేయడం చాలా తేలిక. అందుకే ముందు టెక్స్ట్ ఎడిటర్‌లో పేస్ట్ చేసి చూడండి. 2020 డిసెంబరులో వచ్చిన బాష్ 5.1 నుంచి, పేస్ట్ చేసినది మీరు ఎంటర్ కొట్టేదాకా నడవకుండా ఆగే ఏర్పాటు ముందుగానే ఆన్ చేసి వస్తోంది. ఆ ఆగిన క్షణాన్ని వాడుకోండి. సుడో ఎందుకు కావాలో తెలియకపోతే సుడో లేకుండా కొట్టి చూడండి, ఏమంటుందో చదవండి. నేను ఈ శీర్షికలో పూర్తి కమాండ్ ఎప్పుడూ ఎందుకు రాయనో ఇప్పటికైనా అర్థమై ఉంటుంది. తిట్టుకుంటూ చాలామంది ఉత్తరాలు రాశారు, రాయండి.

సుడో మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2025 జూన్ ఆఖరులో సుడోలోనే పెద్ద కన్నం బయటపడింది. 1.9.14 నుంచి 1.9.17 దాకా ఉన్న వెర్షన్లలో మామూలు యూజర్ కూడా రూట్ అయిపోవచ్చు. అసలు మరమ్మతు వచ్చింది 1.9.17పీ1లో. మీ ఉబుంటులో అప్‌డేట్ చేశాక కూడా పాత నంబరే కనిపిస్తే కంగారు పడి మళ్లీ యూట్యూబ్ తెరవకండి. ఉబుంటు వాళ్లు నంబరు పెంచకుండా మరమ్మతు ఒక్కటే పాత వెర్షన్‌లో కలుపుతారు. అప్‌డేట్ మేనేజర్ "అన్నీ తాజాగా ఉన్నాయి" అంటే సరిపోతుంది.

"ఏలూరు రోడ్డులో మాది డీటీపీ షాపు. నాలుగు పాత కంప్యూటర్లు ఉన్నాయి. విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోయాయంటున్నారు, 11 ఏమో మా మెషీన్ల మీద ఎక్కనంటోంది. లైనక్స్ వేస్తే పేజ్‌మేకర్, అను ఫాంట్లు నడుస్తాయా?"
– షాపు యజమాని, విజయవాడ

నడిపించాలని చూడకండి. లైనక్స్ మీద ఎంత అభిమానం ఉన్నా ఈ మాట చెప్పక తప్పదు. మీ షాపుకు వచ్చి చూశాను. మీ ఆపరేటర్ గారు శుభలేఖ కొడుతున్నారు. కళ్లు కాగితం మీద, వేళ్లు ఆపిల్ అనే తెలుగు కీబోర్డు లేఅవుట్ మీద. 'చి.ల.సౌ.' నుంచి 'బంధుమిత్రుల అభినందనలతో' దాకా ఒక్కసారి కూడా కీబోర్డు వైపు చూడలేదు. మాఘమాసం ముహూర్తాల ముందు అలాంటి మనిషి చేతిలో కొత్త సాఫ్ట్‌వేర్ పెడితే పాపం చుట్టుకుంటుంది.

చిక్కు ఎక్కడుందంటే, ఆ పాత ఫాంట్లలో తెలుగు అక్షరాల ముక్కలు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఫాంట్ లేని చోట ఫైలు తెరిస్తే పిచ్చి గీతలు. అన్ని భాషల అక్షరాలకూ ఒకే ప్రమాణమైన యూనికోడ్‌లో తెలుగుకు చోటు వచ్చింది 1991లో. లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ సంగతి మొదట బయటపెట్టిందీ ఆ ఏడాదే, ఆగస్టు 25న. ఇన్నేళ్లయినా మన శుభలేఖలు మాత్రం యూనికోడ్ గడప తొక్కలేదు.

రెండు మెషీన్లు అలాగే ఉంచండి, కానీ నెట్ వైరు పీకేయండి. 2025 అక్టోబరు 14 తర్వాత భద్రతా మరమ్మతులు రాని సిస్టమ్‌ను వాట్సాప్ వెబ్‌కి తెరిచిపెట్టకూడదు. మిగతా రెండింటిలో మింట్ వేసి మెయిల్, వాట్సాప్, పీడీఎఫ్‌ల పని వాటికి ఇవ్వండి. కస్టమర్ పెన్‌డ్రైవ్ ముందు లైనక్స్ మెషీన్‌లోనే గుచ్చాలి. విండోస్ కోసం రాసిన వైరస్‌లు సాధారణంగా అక్కడ నడవవు. క్లామ్‌ఏవీ అనే యాంటీవైరస్‌తో ఒకసారి వెతికించి, కావలసిన ఫైలు ఒక్కటే మీ సొంత పెన్‌డ్రైవ్‌లో పేజ్‌మేకర్ మెషీన్‌కు పంపండి. ఇక ఆపరేటర్ గారికి తీరిక దొరికిన రోజున ఐబస్‌లో (లైనక్స్‌లో భాషల టైపింగ్‌కి వాడేది) ఎం17ఎన్ తెలుగు లేఅవుట్లు చూపించండి. అందులో ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు ఆపిల్ కూడా ఉంది. వేళ్లు పెద్దగా మళ్లీ నేర్చుకోనక్కర్లేకుండా యూనికోడ్ కొట్టొచ్చు.

చక్కగా నడుస్తున్న మెషీన్లను టీపీఎం అనే ఒక చిన్న భద్రతా చిప్ లేదని పాత ఇనుము కింద లెక్కగట్టే అప్‌డేట్ విధానం గురించి నేను రాయడం మొదలుపెడితే పేజీ చాలదు.

"విండోస్, ఉబుంటు రెండూ ఉన్నాయి. ఉబుంటులోంచి విండోస్‌లోకి వస్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతోంది. మదర్‌బోర్డు బ్యాటరీ మార్చాను, తగ్గలేదు."
– పటమట, విజయవాడ

బ్యాటరీ డబ్బులు దండగ. సరిగ్గా ఐదున్నర గంటలే ఎందుకు పోతోందని ఒక్క క్షణం ఆలోచించాల్సింది. మన సమయానికీ, ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీకీ తేడా అంతే కదా. మదర్‌బోర్డు గడియారంలో ఉబుంటు యూటీసీ రాసి పెడుతుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుని చదువుతుంది. ఉబుంటులో టైమ్‌డేట్‌సీటీఎల్ అనే కమాండ్ ఉంది, దాని మాన్యువల్ తెరిచి 'లోకల్ ఆర్‌టీసీ' (ఆర్‌టీసీ అంటే ఆ మదర్‌బోర్డు గడియారమే) అన్న చోట ఆగండి. దానివల్ల వచ్చే ఇబ్బంది కూడా అక్కడే రాసి ఉంటుంది, అదీ చదివాకే ఎంటర్ కొట్టండి.