ఓటర్ల పక్షాన పనిచేస్తానంటున్న అమ్మాయికి ఏ దారి?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లె. మా అమ్మాయి బీఏ రాజనీతిశాస్త్రం చివరి సంవత్సరం చదువుతోంది. పంచాయతీ ఎన్నికలకు ముందు స్నేహితులతో కలిసి ఇంటింటికీ తిరిగి, కొత్తగా ఓటు హక్కు వచ్చినవారి పేర్లు నమోదు చేయించింది. గ్రామసభలో మురుగు కాల్వ పనుల లెక్క అడిగింది. ఇప్పుడు గ్రూప్స్ కోచింగ్ వద్దని, ఈ పనిలోనే స్థిరపడతానని అంటోంది. దీనికి తగిన చదువులు, జీతాలు ఉన్నాయా? రేపు ప్రభుత్వ ఉద్యోగానికి ఇది అడ్డవుతుందా? – ఒక తండ్రి

జవాబు: మీ చివరి ప్రశ్నలోనే అసలు భయం ఉన్నట్టుంది కాబట్టి ముందు దానికే జవాబు చెబుతాను. ఓటర్లను నమోదు చేయించడం, గ్రామసభలో లెక్క అడగడం ఏ ఉద్యోగానికీ అనర్హత కావు. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018 ప్రకారం రెండు నెలలకు ఒకసారైనా గ్రామసభ జరగాలి. అక్కడ ప్రశ్నించడం ఓటరుగా మీ అమ్మాయికి ఉన్న హక్కు. అయితే ఆమె మీద పోలీసు కేసు ఏదైనా నమోదైతే, నియామక సమయంలో ఇచ్చే ధ్రువీకరణ పత్రంలో దానిని దాచకుండా రాయవలసి ఉంటుంది. ఉద్యోగంలో చేరిన తరువాత ఏ పార్టీలోనూ సభ్యత్వం ఉండకూడదు. అందువల్ల వాగ్వాదాలకు, తోపులాటలకు దూరంగా ఉంటూ ప్రతి ఫిర్యాదునూ కాగితం మీద ఇచ్చి రసీదు తీసుకోవడం ఆమె ఇప్పటి నుంచే అలవాటు చేసుకోవాలి.

మీ అమ్మాయి ఇప్పుడే తేల్చుకోవలసిన విషయం మరొకటి ఉంది. ఏ పార్టీకీ చెందకుండా ఓటర్ల పక్షాన నిలబడటం ఒక దారి. పార్టీలో చేరి ఎదగడం, 21 ఏళ్లు నిండాక స్వయంగా వార్డు సభ్యురాలిగానో సర్పంచిగానో పోటీ చేయడం ఇంకొక దారి. రెండూ గౌరవప్రదమైనవే కానీ, రెండింటినీ ఒకేసారి నడపడం సాధ్యం కాదు. ఐఏఎస్‌కు రాజీనామా చేసిన జయప్రకాశ్ నారాయణ్ 1996లో లోక్‌సత్తాను ఉద్యమంగా ఆరంభించి, పదేళ్ల తరువాత 2006లో దానిని పార్టీగా మార్చారు. 2009లో కూకట్‌పల్లి నుంచి గెలిచి శాసనసభకు వెళ్లారు. అంతకు భిన్నంగా, 1999లో ఐఐఎం అహ్మదాబాద్ ఆచార్యులు స్థాపించిన ప్రజాస్వామ్య సంస్కరణల సంఘం, అంటే ఏడీఆర్, నేటికీ పార్టీలకు వెలుపలే ఉంది. అభ్యర్థులు తమ నేరచరిత్రను, ఆస్తులను, చదువును అఫిడవిట్‌లో వెల్లడించాలని సుప్రీంకోర్టు 2002, 2003లలో ఇచ్చిన తీర్పులకు ఆ సంఘం వేసిన వ్యాజ్యమే మూలం. ఒక్క శాసనసభ్యుడు కూడా లేకుండా ఆ సంఘం సాధించిన ఫలితం అది. మీ అమ్మాయి స్వభావానికి ఏది సరిపోతుందో ఆమే నిర్ణయించుకోవాలి. మీరు రాసినదాన్ని బట్టి నా మొగ్గు మాత్రం మొదటి దారివైపే ఉంది.

ఆ దారిలో నిలబడాలంటే ఉత్సాహం కన్నా రికార్డులు చదివే నేర్పు ముఖ్యం. ఓటరు జాబితానే చూడండి. శాసనసభ జాబితాను తయారు చేసేది భారత ఎన్నికల సంఘం ఆధ్వర్యంలోని యంత్రాంగం. పంచాయతీ ఎన్నికలు నిర్వహించేది రాష్ట్ర ఎన్నికల సంఘం. రాష్ట్ర సంఘం ఆ శాసనసభ జాబితానే తీసుకుని వార్డులవారీగా విడదీస్తుంది. అందుచేత ముసాయిదా జాబితా పంచాయతీ నోటీసు బోర్డు మీదికి వచ్చాక పరుగెత్తుకొచ్చి ‘మా కోడలి పేరు లేదమ్మా’ అన్నవారికి అక్కడికక్కడ పేరు చేర్చడం కుదరదు. ముందు శాసనసభ జాబితాలోకి ఎక్కవలసిందే: కొత్త ఓటరైతే ఫారం-6 ద్వారా, వేరే ఊళ్లో ఓటు ఉండి ఇక్కడికి మారినవారైతే ఫారం-8 ద్వారా. పద్దెనిమిదేళ్లు నిండాయా లేదా అని చూసే అర్హత తేదీలు ఏడాదికి నాలుగు ఉన్నాయి: జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల ఒకటో తేదీలు. పదిహేడేళ్లు నిండినవారు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ సంగతి తెలిసిన కార్యకర్త ఎన్నికల ప్రకటన వచ్చేదాకా ఆగదు; పెళ్లయి వచ్చిన కోడళ్ల, వలస వెళ్లి తిరిగి వచ్చిన కూలీల పేర్లు రాసుకుని, ఎన్నికలు లేని నెలల్లోనే బూత్ స్థాయి అధికారి దగ్గర పని పూర్తి చేయిస్తుంది.

పేర్ల తొలగింపును కోరే ఫారం-7 విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2019 ఎన్నికలకు ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఇతరుల పేరుతో ఈ దరఖాస్తులు పెద్ద సంఖ్యలో వచ్చి పడి, పోలీసు కేసుల దాకా వెళ్లింది. స్నేహితులు అడిగారని, ఎవరో పంపారని ఇటువంటి కాగితం మీద సంతకం పెట్టవద్దని మీ అమ్మాయికి గట్టిగా చెప్పండి.

ఇక చదువు విషయానికి వద్దాం. నన్నడిగితే, డిగ్రీ తరువాత లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేయడం ఆమెకు అన్నిటికన్నా అక్కరకు వస్తుంది. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు, ఎన్నికల పిటిషన్, ఎంపీడీఓకు ఇచ్చే ఫిర్యాదు అన్నీ చివరికి చట్టం మీదే నిలుస్తాయి. పైగా న్యాయవాద వృత్తి ఆమెకు స్వతంత్రమైన ఆదాయం ఇస్తుంది. గ్రామాభివృద్ధి, ప్రభుత్వ విధానాల వైపు ఆసక్తి ఉంటే టాటా సామాజిక శాస్త్రాల సంస్థ హైదరాబాద్ ప్రాంగణం, బెంగళూరులోని అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం చూడదగినవి. రెండోదానిలో ఆదాయాన్ని బట్టి ఫీజు సాయం ఉంది. శాసనాల పని దగ్గరి నుంచి చూడాలనుకుంటే పీఆర్ఎస్ సంస్థ నడిపే ల్యాంప్ ఫెలోషిప్ ఉంది. అందులో ఎంపికైనవారు ఢిల్లీలో ఒక ఎంపీతో కలిసి పనిచేస్తారు.

మీ పల్లెకు అతి దగ్గరగా ఉన్న శిక్షణ మాత్రం సామాజిక తనిఖీ, అంటే ప్రభుత్వ పనుల లెక్కలను ఊరివారి మధ్యే సరిచూడటం. ఉపాధి హామీ పనుల మీద దీనిని పెద్ద ఎత్తున నిలబెట్టిన ఘనత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌దే. 2009లో ఇందుకు ప్రత్యేక సంస్థ కూడా ఏర్పడింది. గ్రామ రిసోర్స్ పర్సన్లుగా కూలీల కుటుంబాలలోని చదువుకున్న పిల్లలనే తీసుకుంటారు. వారు మస్టర్ రోల్‌తో, అంటే కూలీల హాజరు పట్టీతో, ఇంటింటికీ వెళ్లి, ‘ఈ వారం ఆరు రోజులు పని చేసినట్టుంది, నిజమేనా’ అని అడుగుతారు. కాల్వ కొలతను టేపుతో మళ్లీ తీస్తారు. ఆ తేడాలను అందరి ముందూ చదివి వినిపిస్తారు. గౌరవ భృతి తక్కువే. కానీ గ్రామసభలో అడిగిన ఒక ప్రశ్నను ఆధారంతో ఎలా నిలబెట్టాలో ఇంత బాగా నేర్పే బడి నాకు మరొకటి తెలియదు.

జీతం గురించి మీకు ఆశలు కల్పించలేను. స్వచ్ఛంద సంస్థల ఉద్యోగాలు ఎక్కువగా ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే ఉంటాయి. విదేశీ నిధుల చట్టాన్ని 2020లో సవరించి, పాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించిన తరువాత అటువంటి నిధులపై ఆధారపడిన సంస్థల్లో జీతాలకు ఇబ్బంది పెరిగింది. అందువల్ల చేరే ముందు నిధులు ఎక్కడి నుంచి వస్తున్నాయో, ఒప్పందం ఎన్నాళ్లో, ఎన్నికల సమయంలో సిబ్బంది ఏం చేయవచ్చో లిఖితపూర్వకంగా అడగమనండి. అడిగితే నొచ్చుకునే సంస్థలో చేరకపోవడమే మేలు.

ఈ సంవత్సరం లాసెట్ దరఖాస్తు పెట్టించండి. సీటు వస్తే, కళాశాల లేని రోజుల్లో సామాజిక తనిఖీలోనో ఓటరు నమోదులోనో పనిచేయనివ్వండి. గ్రూప్స్ పుస్తకాలను పూర్తిగా పక్కన పెట్టించవద్దు. పంచాయతీరాజ్, రాజ్యాంగం ఆ సిలబస్‌లోనూ ఉన్నాయి కాబట్టి ఆమె చేసే పని ఆ పరీక్షకూ కలిసి వస్తుంది. ఎల్ఎల్‌బీ ముగిసేసరికి ఆదాయం ఎక్కడి నుంచి వస్తుందన్నది మీరిద్దరూ కూర్చుని తేల్చుకోవచ్చు. ఎన్నికల రాత్రుల్లో డబ్బు పంచేవారిని పట్టుకోవడానికి మాత్రం ఆమెను ఒంటరిగా పంపవద్దు. శాసనసభ, లోక్‌సభ ఎన్నికలైతే సీ-విజిల్ యాప్‌లో పేరు చెప్పకుండానే ఫొటో పంపవచ్చు. పంచాయతీ ఎన్నికలైతే రాష్ట్ర ఎన్నికల సంఘం ప్రకటించిన ఫిర్యాదుల నంబరుకు ఇంటి నుంచే ఫోను చేయవచ్చు.