కుక్కతో కారు ప్రయాణం, కొండ నడక: ఏం చూసుకోవాలి?

పెంపుడు కుక్కను కారులో దూరం తీసుకెళ్లి కొండ ఎక్కించొచ్చా అంటే, ఎక్కించొచ్చు. అసలు టెన్షన్ ఎండతోనే. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పుతూనే ఒంటి వేడి తగ్గించుకుంటుంది. అందుకే ఆపి ఉంచిన కారులో ‘రెండే నిమిషాలు’ అని కూడా వదిలి వెళ్లొద్దు. బయట 24 డిగ్రీలే ఉన్నా, పది నిమిషాల్లో లోపల 34 దాకా వెళ్తుంది. కిటికీ కాస్త దించినా పెద్దగా తేడా ఉండదు.

బయలుదేరడానికి మూడు నాలుగు గంటల ముందే తిండి పెట్టేస్తే వాంతులు తగ్గుతాయి. వెనక సీట్లో బెల్టుతో కట్టండి. కిటికీలోంచి తల బయటపెట్టి గాలి పీలుస్తుంటే ముచ్చటగానే ఉంటుంది కానీ, కంట్లో దుమ్ము పడుతుంది.

నడక మొదలుపెట్టే ముందు అరచేతి వెనక వైపు నేలకు ఆనించి చూడండి. ఏడు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ కాలతాయి. నీళ్లు కొంచెం కొంచెంగా, తరచూ పట్టండి. నడుస్తూ నడుస్తూ నీడలో చతికిలబడిందంటే మొండితనం అనుకోకండి, అలసిపోయిందేమో! అక్కడే ఆగి, తేరుకున్నాక వెనక్కి తిరగండి. పగ్‌లాంటి చప్పిడి ముక్కు జాతులనూ, ఎముకలు ఇంకా ఎదుగుతున్న కుక్కపిల్లలనూ పెద్ద కొండలు ఎక్కించకపోవడమే మంచిది.

దిగాక వేళ్ల సందుల్లో, చెవుల వెనక పిడుదులున్నాయేమో వెతకండి.