ఉద్యోగి వెళ్లిపోయాక అకౌంట్ నిలిపివేత: పైప్‌లైన్‌లో పాటించవలసిన జాగ్రత్తలు

ప్రశ్న: మా సంస్థలో ఉద్యోగం మానేసినవారి అకౌంట్లను ఇంతకాలం మేమే ఒక్కొక్కటిగా డిసేబుల్ చేసేవాళ్లం. ఇకపై హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్ నుంచి రోజూ రాత్రి వివరాలు తీసుకుని, ఒక ఇంటిగ్రేషన్ పైప్‌లైన్ (ఒక సాఫ్ట్‌వేర్ వివరాలను మరోదానికి చేరవేసే ప్రోగ్రామ్) ద్వారా యాక్టివ్ డైరెక్టరీలో (సంస్థలోని అకౌంట్లన్నిటినీ ఒకేచోట నిర్వహించే మైక్రోసాఫ్ట్ వ్యవస్థలో) ఆ పని దానంతట అదే జరిగేలా చూడమని నాకు అప్పగించారు. 'యూజర్ అకౌంట్ కంట్రోల్' అనే అట్రిబ్యూట్‌లో, అంటే అకౌంట్ సెట్టింగులు ఉండే గడిలో, 514 అని రాస్తే చాలని సహోద్యోగి ఒకరు చెప్పారు. పరీక్షించి చూస్తే అకౌంట్ డిసేబుల్ అయింది. ఇంతటితో పని పూర్తయినట్లేనా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అకౌంట్ డిసేబుల్ అయిన మాట నిజమే కాని, 514 అని నేరుగా రాసే పద్ధతిని మాత్రం వెంటనే మార్చుకోండి. ఆ అట్రిబ్యూట్ పైకి ఒక సంఖ్యలా కనిపించినా, అది అనేక సెట్టింగులను కలిపి దాచుకున్న మొత్తం. సాధారణ యూజర్ అకౌంట్ అనడానికి 512, డిసేబుల్ అయిందనడానికి 2, పాస్‌వర్డ్‌కు గడువు లేదనడానికి 65536, స్మార్ట్‌కార్డుతోనే లాగిన్ కావాలనడానికి 262144 అందులో చేరతాయి. గడువు లేని పాస్‌వర్డ్ ఉన్న అకౌంట్ విలువ 66048 కాబట్టి, డిసేబుల్ చేశాక అది 66050 కావాలి. మీ పైప్‌లైన్ అక్కడ 514 రాస్తే అకౌంట్ ఆగిపోతుంది గాని, దానితోపాటు 65536 కూడా చెరిగిపోతుంది. స్మార్ట్‌కార్డు తప్పనిసరి చేసిన అకౌంట్ విషయంలో ఇది ఇంకా ప్రమాదం: పొరపాటున ఆపిన అలాంటి అకౌంట్‌ను తిరిగి తెరిచినప్పుడు, స్మార్ట్‌కార్డు నిబంధన పోయిన సంగతి ఎవరి దృష్టికీ రాదు.

అందువల్ల ముందు ఉన్న విలువను చదివి, దానిలో 2 అనే గుర్తు లేకపోతేనే చేర్చాలి. ఇక్కడ మామూలు కూడిక వాడకండి. పైప్‌లైన్ ఏదో కారణంగా ఒకే జాబితాతో రెండుసార్లు నడిచిందనుకోండి: మొదటిసారి 512కు 2 కలిసి 514 అవుతుంది, రెండోసారి మళ్లీ 2 కలిస్తే 516 అవుతుంది, ఆ 516లో డిసేబుల్ గుర్తే ఉండదు. బిట్‌వైజ్ ఆర్ లెక్క, అంటే గుర్తు ఇప్పటికే ఉంటే మళ్లీ చేర్చని లెక్క, వాడితే ఎన్నిసార్లు నడిపినా 514 దగ్గరే నిలుస్తుంది. మార్చే ముందున్న విలువను లాగ్‌లో రాసి ఉంచితే, తిరిగి తెరవవలసి వచ్చినప్పుడు వెతుకులాట ఉండదు.

ఇక ఎవరి అకౌంట్ అన్నది పేరును బట్టి ఎన్నడూ తేల్చకండి. ఒకే ఇంటిపేరుతో ఇద్దరు శ్రీనివాసరావులు ఉండడం మన ఆఫీసుల్లో అరుదైన సంగతేమీ కాదు. డిస్టింగ్విష్డ్ నేమ్‌ను, అంటే డైరెక్టరీలో అకౌంట్ ఉన్న చోటుతో కూడిన పూర్తి పేరును, ముందే దాచుకుని వాడడమూ సరికాదు, ఎందుకంటే ఉద్యోగిని ఒక ఓయూ (డైరెక్టరీలో అకౌంట్లను విభాగాలుగా ఉంచే ఫోల్డర్ వంటిది) నుంచి మరో ఓయూకు మార్చగానే అది మారిపోతుంది. ఎంప్లాయీ ఐడీతో ఎల్‌డాప్ (ప్రోగ్రాములు డైరెక్టరీతో మాట్లాడే పద్ధతి) ద్వారా వెతికి, సరిగ్గా ఒక్క ఫలితం వచ్చినప్పుడే ముందుకు వెళ్లాలి. ఏమీ రాకపోయినా, రెండు వచ్చినా ఆ రికార్డును ముట్టుకోకుండా పక్కన పెట్టి మనిషికి చూపించాలి.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆందోళనపరిచేది జాబితా రాని రాత్రి. కొందరు 'హెచ్‌ఆర్ జాబితాలో లేనివారందరినీ డిసేబుల్ చేయి' అనే తర్కంతో పైప్‌లైన్ రాస్తారు. ఆ రోజు ఫైలు సగమే వచ్చినా, ఖాళీగా వచ్చినా, తెల్లవారేసరికి పనిలో ఉన్నవారికి కూడా లాగిన్ ఉండదు. కనుక జాబితాలో లేకపోవడాన్ని రాజీనామాగా లెక్కించకండి. ఉద్యోగం ముగిసిందని స్పష్టంగా చెప్పే రికార్డు ఉన్నవారినే ఆపండి. మామూలుగా వచ్చే సంఖ్యను మించి పేర్లు వస్తే, ఏ ఒక్క అకౌంట్‌నూ మార్చకుండా పైప్‌లైన్ ఆగిపోయేలా ఒక హద్దు పెట్టండి.

తేదీ విషయంలో మరొక చిక్కుంది. హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్ చివరి పనిదినాన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అర్ధరాత్రిగా పంపితే, అది మన గడియారంలో అదే రోజు ఉదయం 5:30 అవుతుంది. పైప్‌లైన్ ఆ సమయాన్ని యథాతథంగా తీసుకుంటే, ల్యాప్‌టాప్ అప్పగించి, అందరికీ చివరి మెయిల్ పంపి వెళ్దామని వచ్చిన ఉద్యోగికి పొద్దున్నే తలుపు మూసుకుపోతుంది. ఆ ఉద్యోగి పనిచేసే చోటి కాలమానం ప్రకారం ఆ రోజు ముగిశాకే ఆపడం మర్యాద కూడా, సరైన లెక్క కూడా.

పైప్‌లైన్ వాడే సర్వీస్ అకౌంట్‌కు (మనిషి కాక ప్రోగ్రామ్ వాడే అకౌంట్‌కు) డొమైన్ అడ్మిన్ హక్కులు, అంటే డైరెక్టరీ మొత్తం మీద అధికారం, ఇవ్వకండి. ఉద్యోగుల ఓయూలో 'యూజర్ అకౌంట్ కంట్రోల్' అనే ఆ ఒక్క అట్రిబ్యూట్‌ను రాసే అనుమతి డెలిగేట్ చేస్తే, అంటే అప్పగిస్తే, చాలు. కనెక్షన్ ఎల్‌డాప్స్ మీద, అంటే ఎన్‌క్రిప్ట్ చేసిన ఎల్‌డాప్ మీద, 636 పోర్టు ద్వారా ఉండాలి. ఇలా పరిమితం చేశాక డొమైన్ అడ్మిన్ల వంటి రక్షిత గ్రూపుల్లోని అకౌంట్ల దగ్గర 50 అనే ఎర్రర్ కోడ్, అంటే తగినంత అనుమతి లేదన్న జవాబు, వస్తుంది. ఆ అకౌంట్ల అనుమతులను యాక్టివ్ డైరెక్టరీ మామూలుగా ప్రతి 60 నిమిషాలకోసారి తన మూసకు తిరిగి తెచ్చుకుంటుంది కాబట్టి మీ డెలిగేషన్ వాటికి అందదు. ఇది లోపం కాదు, దానికోసం హక్కులు పెంచకండి. అయితే అడ్మిన్ వెళ్లిపోయినప్పుడు అకౌంట్ తెరిచి ఉండడం మరీ ప్రమాదకరం కనుక, ఆ ఎర్రర్ రాగానే బాధ్యులకు కబురు చేరి, వారు స్వయంగా ఆపే ఏర్పాటు ఉండాలి.

ప్రశ్న: అకౌంట్ డిసేబుల్ చేసిన తర్వాత కూడా ఆ ఉద్యోగి ఫోన్‌లో మెయిల్ కొంతసేపు తెరుచుకుంటోంది. పైప్‌లైన్ పనిచేయలేదని అనుకోవాలా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: పైప్‌లైన్ పనిచేసే ఉంటుంది. ఆఫీసు సర్వర్‌లో చేసిన మార్పు ఎంట్రా ఐడీకి, అంటే 2023 వరకు అజూర్ ఏడీ అని పిలిచిన మైక్రోసాఫ్ట్ క్లౌడ్ డైరెక్టరీకి, చేరాలంటే సింక్ జరగాలి. అది మామూలుగా 30 నిమిషాలకోసారి నడుస్తుంది. చేరిన తర్వాత కూడా ఫోన్‌లో అప్పటికే ఉన్న యాక్సెస్ టోకెన్ (లాగిన్ అయ్యాక ఇచ్చే తాత్కాలిక అనుమతి) దాదాపు గంటసేపు చెల్లవచ్చు. ఆఫీసు నెట్‌వర్క్‌లో సైతం అప్పటికే జారీ అయిన కెర్బరోస్ టికెట్ల (లాగిన్ అయినవారికి ఇచ్చే అలాంటి అనుమతి చీటీల) మామూలు గడువు 10 గంటలు. గౌరవంగా వీడ్కోలు తీసుకున్నవారి విషయంలో ఈ ఆలస్యం వల్ల పెద్దగా నష్టం ఉండదు. క్రమశిక్షణ చర్య కింద తొలగించిన సందర్భంలో మాత్రం సింక్ కోసం ఎదురు చూడకుండా, పైప్‌లైన్ నేరుగా గ్రాఫ్ ఏపీఐ (మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌కు ప్రోగ్రాములు ఆదేశాలు పంపే మార్గం) ద్వారా క్లౌడ్‌లోని సెషన్లన్నిటినీ రద్దు చేసే పిలుపును కూడా పంపాలి.

ప్రశ్న: డిసేబుల్ చేసి ఉంచడం ఎందుకు, నేరుగా డిలీట్ చేయకూడదా?
— మరొక పాఠకుడు, వరంగల్

జవాబు: వెంటనే వద్దు. ప్రతి అకౌంట్‌కూ ఒక సెక్యూరిటీ ఐడెంటిఫైయర్ ఉంటుంది, ఫైళ్ల మీద, ఫోల్డర్ల మీద అనుమతులన్నీ పేరుకు కాక దానికే ముడిపడి ఉంటాయి. డిలీట్ చేసి అదే పేరుతో మళ్లీ సృష్టిస్తే కొత్త ఐడెంటిఫైయర్ వస్తుంది, పాత అనుమతులేవీ దానికి వర్తించవు. విండోస్ సర్వర్ 2008 ఆర్2 నుంచి యాక్టివ్ డైరెక్టరీకి రీసైకిల్ బిన్ ఉన్న మాట నిజమే, కాని దాన్ని అడ్మిన్ ముందుగానే ఆన్ చేసి ఉండాలి, అందులోనూ వస్తువులు మామూలుగా 180 రోజులే నిలుస్తాయి. ఆడిట్‌కూ, ఫైళ్ల అప్పగింతకూ మీ సంస్థ పెట్టుకున్న గడువు ముగిసేదాకా డిసేబుల్‌లో ఉంచి, ఆ తర్వాత తొలగించే పనికి వేరే పైప్‌లైన్, వేరే సర్వీస్ అకౌంట్ పెట్టుకోండి.