పెద్దపేగు క్యాన్సర్ వైరస్ వల్ల వస్తుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 58వ ఏట పెద్దపేగు క్యాన్సర్ బయటపడింది. అది వైరస్ వల్ల వస్తుందంటున్నారు. కలిసి తింటే మాకూ అంటుకుంటుందా? నాకు 36 ఏళ్లు.
– ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: అంటుకోదండీ. నాన్నగారి కంచం, గ్లాసు వేరు చేయకండి. ఆ బాధ ఆయనకు వద్దు. కొన్ని పేగు కణితుల్లో హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్), జేసీ వైరస్, సైటోమెగలో వైరస్ ఆనవాళ్లు దొరికిన మాట నిజమే. దొరికినంత మాత్రాన క్యాన్సర్ వాటివల్లే వచ్చిందని తేలలేదు. మలద్వారం క్యాన్సర్ వేరు. అందులో ఎక్కువ శాతానికి హెచ్‌పీవీయే కారణం.

మీరు చూసుకోవాల్సింది వంశపారంపర్యం. 40 నిండగానే కొలనోస్కోపీ (మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి పెద్దపేగును చూసే పరీక్ష) చేయించుకోండి. పేగు లోపలి గోడ మీద పెరిగే పిలక (పాలిప్) క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ల దాకా పడుతుంది, ఈలోపే తీసేయొచ్చు. పరీక్షకు మూడు రోజుల ముందు నుంచి చోడి అంబలి, ఆకుకూరలు, గింజలున్న పళ్లు మానాలి. ఐరన్ మాత్రలు వారం ముందే ఆపాలి, లేకపోతే మలం నల్లగా అంటుకుని పేగు గోడ కనబడదు. విరేచనాల మందు సగం ముందు రాత్రి, సగం పరీక్ష రోజు తెల్లవారుజామున తాగాలి. చివరికి లేత పసుపు నీళ్లలా రావాలి. మడ్డిగా వస్తుంటే సిబ్బందికి ముందే చెప్పండి, చిన్న పిలకలు ఆ మడ్డి కిందే దాక్కుంటాయి.

మలంలో రక్తం పడితే మాత్రం 40 దాకా ఆగొద్దు. మొలలేనని నాటుమందుతో నెలలు గడిపేయకండి.