టెక్ సందేహాలు: కోడ్ చెల్లదంటున్న సాఫ్ట్‌వేర్

ప్రశ్న: హైదరాబాద్‌లో అమెరికా క్లినిక్‌లకు మెడికల్ కోడింగ్ (చార్టుల్లోని జబ్బులకు, చికిత్సలకు కోడ్‌లు వేసే పని) చేస్తున్నాను. ముక్కులో గాలి వెళ్లే సన్నని దారి కుంగిపోయే నాసల్ వాల్వ్ కొలాప్స్‌కు జె34.82 కొడితే సాఫ్ట్‌వేర్ చెల్లదంటోంది. పాత అలవాటు ప్రకారం జె34.89 (ముక్కు, సైనస్‌ల ‘ఇతర’ జబ్బుల కోడ్) పెట్టేయవచ్చా?

జవాబు: పెట్టకండి. ఇక్కడ సాఫ్ట్‌వేర్ చెప్పిందే సరి. అమెరికాలో జబ్బులకు వాడే కోడ్‌ల జాబితా ఐసీడీ-10-సీఎంలో జె34.82 ఒక శీర్షిక మాత్రమే; దాని కింద 2024 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన పూర్తి కోడ్‌లే క్లెయిములో (బీమా సంస్థకు పంపే బిల్లులో) చెల్లుతాయి. ఆరో స్థానంలో 0 ఉంటే లోపలి వాల్వ్, 1 ఉంటే బయటి వాల్వ్. ఏడో స్థానంలో 1 ఉంటే స్టాటిక్ (ఎప్పుడూ కుంగి ఉండేది), 2 ఉంటే డైనమిక్ (ఊపిరి పీల్చినప్పుడు కుంగేది). అంటే ఊపిరి పీల్చినప్పుడు లోపలి వాల్వ్ కుంగుతోందని డాక్టరు రాస్తే జె34.8202 అవుతుంది. ఏ వాల్వో రాయకపోతే జె34.829తో సరిపెట్టుకోవాలి. ఆ తేదీకి ముందు చూసిన రోగుల చార్టులు ఇప్పుడు మీ చేతికి వచ్చినా పాత కోడ్‌లే వర్తిస్తాయి కాబట్టి, సాఫ్ట్‌వేర్‌లో సర్వీసు తేదీని ముందుగా నింపి, ఆ తర్వాతే కోడ్ వెతకండి.

అనుమానం వస్తే, అమెరికా ప్రభుత్వం ఏటా ఉచితంగా విడుదల చేసే ఆర్డర్ ఫైలును (కోడ్‌లన్నీ వరుసగా ఉండే జాబితాను) నోట్‌ప్యాడ్‌లో తెరవండి. చుక్క లేకుండా జె3482 అని వెతికితే కోడ్ పక్కన 0 కనిపిస్తుంది, అది శీర్షిక అని అర్థం. 1 ఉన్నవే క్లెయిముకు పనికొస్తాయి.

అసలు చిక్కు చార్టులోనే ఉంటుంది. ‘ముక్కు మూసుకుపోతోంది, కాటిల్ పరీక్ష పాజిటివ్’ అని మాత్రమే ఉంటే, ఆ పరీక్షలో చెంపను పక్కకు లాగినప్పుడు గాలి బాగా ఆడిందని మనకు తెలిసినా, రోగ నిర్ధారణ చేసే అధికారం కోడర్‌కు లేదు. డాక్టరుకు క్వెరీ (వివరణ కోరే ప్రశ్న) పంపండి. అందులోనూ ‘ఇది డైనమిక్కే కదా’ అని జవాబును నోటికి అందించకుండా, ‘చెప్పలేం’ అన్నదానితో సహా అన్ని అవకాశాలూ ఇచ్చి అడగండి.

ప్రశ్న: నాన్నగారి డిశ్చార్జి సమరీలో ‘డీఎన్ఎస్’ అని ఉంది. ఫోన్‌లో వెతికితే ఇంటర్నెట్ సెట్టింగులు వస్తున్నాయి.

జవాబు: మా శాఖ డీఎన్ఎస్ (వెబ్‌సైట్ పేర్లను సర్వర్ల చిరునామాలుగా మార్చే ఏర్పాటు) వేరు, ఈఎన్‌టీ వారిది వేరు! అది డీవియేటెడ్ నాసల్ సెప్టమ్, అంటే ముక్కు దూలం వంకర. సమరీలో జె34.2 అని కూడా ఉంటే ఆ కోడ్‌తోనే వెతకండి, సర్వర్ల గొడవ ఉండదు.