ఇంగ్లండ్‌లో దుంగల చట్రంతో కట్టిన పాత పూరికప్పు ఇళ్లలో గోడలు కప్పు బరువు మోస్తాయా?

మోయవు, బరువంతా ఓక్ దుంగల చట్రానిదే. గోడలు ఆ చట్రంలో ఖాళీలు పూడ్చే తడికలు మాత్రమే. వడ్రంగులు పచ్చి ఓక్ వాడేవారు, ఎండితే అది ఉలికి ఓ పట్టాన లొంగదు కాబట్టి. ఒక దుంగకు తొలిచిన రంధ్రంలోకి రెండోదాని కొస దిగేసి, అడ్డంగా చెక్క చీల కొట్టేవారు. కర్ర ఆరేకొద్దీ వంకర తిరిగినా అతుకు మాత్రం అంత తేలిగ్గా ఊడదు. ఆ ఇళ్లు ఒరిగినట్టు కనబడటానికి ఇదీ ఒక కారణమే. దుంగల నడుమ హేజెల్ అనే పొదచెట్టు బద్దల తడిక అల్లి, మట్టి, పేడ, గడ్డి కలిపి మెత్తేవారు. ఒకచోట పెచ్చు రాలితే అంతవరకే మళ్లీ మెత్తుకోవచ్చు, ఇల్లు కదలదు.

స్ట్రాట్‌ఫర్డ్ దగ్గరి షాటరీలో షేక్‌స్పియర్ భార్య యాన్ హాథవే పుట్టిల్లు చూడండి. 1463 నాటి భాగంలో కింది నుంచి కప్పు కొన దాకా వంగి లేచే జంట దుంగలే కప్పును పట్టుకున్నాయి. 1969లో అగ్నిప్రమాదం దెబ్బతీసినా మరమ్మతులతో నిలబడింది.

నల్ల దుంగలు, తెల్ల గోడలే అసలు రూపమని చాలామంది అనుకుంటారు. చాలా ఇళ్లకు ఆ నలుపు 19వ శతాబ్దపు మోజు. అంతకుముందు ఓక్‌ను బూడిదరంగుకు తిరగనిచ్చేవారు, లేదంటే గోడతోపాటే సున్నం కొట్టేసేవారు.