ఎండలు మండే నగరంలో ఓపెన్ టాప్ బస్సు: ఎక్కండి, మధ్యాహ్నం మాత్రం వద్దు

అమ్మానాన్నలనీ ఆరేళ్ళ పాపనీ తీసుకుని వేసవిలో ఒక వేడి నగరం చూడబోతున్నారు, పై అంతస్తు తెరిచి ఉండే రెండంతస్తుల ఓపెన్ టాప్ బస్సు టూర్‌కి టికెట్ తీసుకోవాలా వద్దా అని అడిగారు. తీసుకోండి. అలాంటి ఊళ్ళలో ఆ బస్సులు నేను చాలాసార్లు ఎక్కాను, మా అత్తగారితో, పిల్లలతో కూడా. కొత్త ఊళ్ళో ఏది ఎటు ఉందో ఒక్క పూటలో తెలియాలంటే ఆ పై అంతస్తుని మించింది లేదు. కింద నడిచేవాళ్ళకి ప్రహరీగోడే కనిపించే చోట మీకు లోపలి తోట కనిపిస్తుంది, పాత భవనాల పై అంతస్తుల చెక్కడాలు దగ్గరగా కనిపిస్తాయి.

కాకపోతే ఏ వేళ ఎక్కుతారన్నది చాలా ముఖ్యం. పొద్దున్నే మొదటి బస్సు, లేదా పొద్దు వాలాక. మధ్యలో పైన కూర్చోవద్దు. ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా అతినీలలోహిత కిరణాలు తీవ్రంగా ఉంటాయి. ఇంకో సంగతి, ఫోన్‌లో 38 డిగ్రీలు అని చూపిస్తే అది నీడలో గాలాడే చోట కొలిచే ఉష్ణోగ్రత. నెత్తిన పడే ఎండ, కింద కాగే తారు రోడ్డు, పక్కన వేడెక్కిన గోడలు ఆ అంకెలో ఉండవు. పైన కూర్చున్నవాళ్ళ మీద ఇవన్నీ ఒకేసారి పనిచేస్తాయి.

రెండింటిలో నా ఓటు పొద్దుటికే. రాత్రి లైట్ల అందం వేరే, కాదనను. కానీ పగలంతా వేడిని తాగిన కాంక్రీటు చీకటి పడ్డాక కూడా దాన్ని వదులుతూనే ఉంటుంది. అదీగాక సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ, రోడ్లు నిండిపోతాయి.

ఈ ట్రాఫిక్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. "పైన గాలి తగులుతుందిగా" అనే ధైర్యంతో చాలామంది ఎక్కుతారు. ఆ గాలి బస్సు కదిలినంతసేపే. మా అత్తగారికి కళ్ళు తిరిగింది బస్సు పరుగెడుతున్నప్పుడు కాదు, ఒక స్టాపులో జనం ఎక్కుతూ దిగుతూ బస్సు చాలాసేపు ఆగిపోయినప్పుడు. వెంటనే కింది అంతస్తుకి తీసుకెళ్ళి, ఏసీ కింద కూర్చోబెట్టి, మెడకీ చేతులకీ తడిగుడ్డ అద్ది, ఓఆర్‌ఎస్ గుక్కగుక్కగా తాగించాం. కాసేపటికి తేరుకున్నారు. అందుకే కింద ఏసీ ఉందా, పై నుంచి కిందికి ఎప్పుడైనా మారొచ్చా అని టికెట్ కొనేముందే అడగండి. లేదంటే పెద్దవాళ్ళతో నేనైతే ఆ బస్సు ఎక్కను.

గాలిని కూడా పూర్తిగా నమ్మలేం. మన చర్మం కంటే గాలి వేడిగా ఉంటే అది తెచ్చేది వేడే, అప్పుడు ఒంటిని కాపాడేది చెమట ఆరడం ఒక్కటే. 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ గాలి ఒంటిని చల్లబరచదు, ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సముద్రం పక్క ఊళ్ళలో ఉక్కపోతకి చెమట ఆరదు, అక్కడ 34 డిగ్రీలు కూడా భరించడం కష్టం. పొడి ఊళ్ళలో చెమట పట్టినట్టే తెలియదు, ఒంట్లో నీళ్ళు మాత్రం తగ్గిపోతుంటాయి. దాహం వేసినా వేయకపోయినా అందరిచేతా మధ్యమధ్యలో నీళ్ళు తాగించండి. వయసు మీదపడితే దాహం సరిగా తెలియదు, పిల్లలేమో చూడటంలో పడి అడగరు.

సీటు విషయానికొస్తే, అందరూ ముందు వరసకి పరుగెడతారు. చూడటానికి బాగుంటుంది, కానీ ఎదురుగా అద్దం ఉంటే గాలి తగలదు. కొన్ని బస్సులకి పైన సగం దాకా కప్పు ఉంటుంది, నేను దాని అంచున కూర్చుంటాను: నీడా ఉంటుంది, బయటా కనిపిస్తుంది. బస్సు ఊరు చుట్టి వస్తుంది కాబట్టి ఎండ పడే వైపు మారుతూ ఉంటుంది. మ్యాప్‌లో పొడవాటి దారి ఏ దిక్కుకి పోతుందో చూసి, ఆ భాగంలో నీడ పడే వైపు ఎంచుకోండి. ఎండలో కాగిన సీటు మీద పాపని కూర్చోబెట్టేముందు తువ్వాలు పరవండి, ఇనుప కడ్డీలు పట్టుకోనివ్వకండి.

టోపీకి గడ్డం కింద కట్టుకునే తాడు ఉండాలి, లేకపోతే ఎగిరిపోతుంది. గొడుగు పైన పనికిరాదు. పొడుగు చేతుల వదులు నూలు బట్టలు, రెండు గంటలకోసారి సన్‌స్క్రీన్. ఫోన్ ఎండలో పెట్టి వీడియో తీస్తూ పోతే వేడెక్కి ఆగిపోతుంది, తీసినప్పుడు తీసి సంచిలో పెట్టేయండి.

టికెట్ 24 గంటలు చెల్లేదైతే మధ్యాహ్నం ఎక్కి, సాయంత్రం ఆపి, మర్నాడు పొద్దున మళ్ళీ ఎక్కొచ్చు అని కొందరు సలహా ఇస్తారు. దానికంటే సాయంత్రమే మొదలుపెట్టి, మర్నాడు పొద్దున పూర్తి చేయడం మేలు. మధ్యాహ్నాలు మ్యూజియం లాంటి చల్లటి చోట్ల గడపండి.

మీ నాన్నగారికో అమ్మగారికో బీపీ మాత్రలు, ముఖ్యంగా మూత్రం ఎక్కువయ్యే మాత్రలు ఉంటే బయలుదేరేముందు డాక్టర్‌తో ఒకసారి మాట్లాడండి. తలనొప్పి, వికారం, నీరసం మొదలైతే తర్వాతి స్టాపు దాకా ఆగొద్దు, అప్పుడే కింది అంతస్తుకి దించండి. మాట తడబడినా, మనిషి అయోమయంగా ఉన్నా అది వడదెబ్బ కావొచ్చు. ఒళ్ళు తడిపి గాలి విసురుతూ వెంటనే అంబులెన్స్ పిలవాలి, స్పృహ సరిగా లేనివాళ్ళకి నోట్లో నీళ్ళు పోయకూడదు. ఆ ఊరి అత్యవసర నంబర్ ముందే ఫోన్‌లో పెట్టుకోండి.